‘అడిగినఁ దను మగుడ’: చేదర్థకమా, అప్యర్థకమా?

అమలాపురం నుంచి: గజేంద్రమోక్షంలోని ‘అడిగెద నని’ కందంలో రెండో పాదం నాకు ‘అడిగినఁ దను మగుడ నుడుగఁ డని’ (అడిగిన తనకు తిరిగి బదులు పలకడని) అని గుర్తు. ఇక్కడి ‘అడిగిన’కు ‘అడిగితే’ అని చేదర్థకంగా అర్థం చెప్పుకోవాలా, ‘అడిగినా’ అని అప్యర్థకంగానా? కంప్యూటరు తనంతట తానే పనుల క్రమం నిర్ణయించుకొనే తర్కాన్ని పాఠంగా చెబుతూ చెప్పకుండా బయలుదేరిన హరిని అడగాలా వద్దా అనే లక్ష్మీదేవి ఆలోచనను ఉదాహరణగా తీసుకుంటే, ఈ ఒక్క మాట దగ్గర సూత్రం రెండు విధాలుగా వస్తున్నది.

రాజమహేంద్రవరం నుంచి: మేము ‘తన మగఁడు నుడువఁ డని’ అని వల్లించాము. పాఠం ఏదైనా అది చేదర్థకమే. కాకపోతే పోతన ‘అడిగినను’ అనేవాడు.

భీమవరం నుంచి: అలా తేల్చడానికి వీల్లేదండి. ఆ అరసున్న ద్రుతానిదే (చివరి నకారానిదే) కనుక ‘అడిగినన్’ అన్నా ‘అడిగినను’ అన్నా రూపం ఒక్కటే. ధవళేశ్వరంలో కాలువ గేట్లు ఎత్తితే నీరు వస్తుంది. ఎత్తినా గట్టు మీది కొబ్బరితోట యజమాని మారడు. పని తాకని ఇటువంటి సంగతులను ప్రతి పనికీ విడివిడిగా రాయవలసి రావడమే కృత్రిమ మేధ పరిశోధకులు మెకార్తీ, హేజ్ 1969లో చర్చించిన ఫ్రేమ్ సమస్య. హరి మౌనం ముందునుంచీ ఉన్నదే గాని అడగడం వల్ల పుట్టేది కాదు. కాబట్టి ‘అడిగినా’ అనే చదవాలి.

అమలాపురం నుంచి: ఫ్రేమ్ సమస్యకు పరిష్కారంగా అదే రంగానికి చెందిన రైటర్ 1991లో ఇచ్చిన సూత్రంలో రెండూ ఇముడుతాయి. పని తరువాత ఒక స్థితి ఉన్నదంటే, ఆ పనే దానిని కలిగించి ఉండాలి, లేదా అది ముందే ఉండి ఆ పని వల్ల పోకుండా ఉండాలి. ఇక్కడ ఏది వర్తిస్తుందన్నదే నా ప్రశ్న.

పాలకొల్లు నుంచి: మీరంతా హరి మౌనాన్నే పట్టుకున్నారు. అడగడమనేది తెలుసుకోవడానికి చేసే పని; అది లోకాన్ని మార్చదు, అడిగినవారి ఎరుకను మారుస్తుంది. అదే రంగంలోని షెర్ల్, లెవెక్ 1993లో ఫ్రేమ్ సమస్య పరిష్కారాన్ని ఇటువంటి పనులకు విస్తరించారు. అడిగినా తన ఎరుక మారదని తోచినందుకే ఆమె ‘నడ యుడుగున్’, అంటే నడక ఆపుతుంది. ఆ తొట్రుపాటును డకారాలతోనే నడిపించడం పోతనకే చెల్లింది. ‘అడుగిడు నడుగిడదు’ అన్నచోట నాలుక కూడా ఆగి కదులుతుంది.

రాజమహేంద్రవరం నుంచి: డకారాల సంగతి సరే, ఎరుక ఎటూ మారదని తెలిసిన ఇల్లాలు ‘కడువడిఁ జను’ (మిక్కిలి వడిగా నడవడం) ఎందుకు? నడుస్తూండగా, అడిగితే ఏమవుతుందో అప్పుడే ఊహించుకున్నది. అప్యర్థకం అనేవారు ముందు ఆ వడికి కారణం చెప్పాలి.