ఫ్రిట్జ్ పోలార్డ్ మొదటి నల్లజాతి హెడ్ కోచా, కాదా?

కాంటన్_పక్కూరు

మేముండేది ఒహాయోలో, కాంటన్‌కి దగ్గర్లోనే. ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న ఊరు అది. ఫుట్‌బాల్ అంటే మన సాకర్ కాదు, కోడిగుడ్డు ఆకారం బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట. మావాడు ఏడో తరగతి. స్కూల్ ప్రాజెక్టుకి ఫ్రిట్జ్ పోలార్డ్‌ని ఎంచుకున్నాడు. మొదటి వాక్యం ఇది: 1921లో ఆక్రన్ ప్రోస్‌కి కోచ్ అయిన పోలార్డ్, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (నేషనల్ ఫుట్‌బాల్ లీగ్, ఆ ఆటకి ఇక్కడ అన్నిటికంటే పెద్ద లీగ్) మొట్టమొదటి నల్లజాతి హెడ్ కోచ్.

క్లాసులో ఇంకో పిల్లాడు లేచి, కాదు, 1989లో రైడర్స్‌కి వచ్చిన ఆర్ట్ షెల్ మొదటివాడు అన్నాడట. వాళ్ల నాన్న చెప్పాడట. ఇద్దరూ పట్టు విడవలేదు. మావాడు ఇంటికొచ్చి నన్ను పట్టుకున్నాడు. ఆ మ్యూజియం రెండుసార్లు చూసొచ్చిన నేను కూడా గట్టిగా చెప్పలేకపోయాను. మీరేమంటారు?

లెక్కల_మాస్టారు

ఆ రెండో పిల్లాడి తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి కాబట్టి నేను మాట్లాడతాను.

1921లో పోలార్డ్ ఒక్కడే కోచ్ కాదు. ఎల్జీ టోబిన్ అనే తెల్లాయన కూడా ఉన్నాడు. 1920లో టీమ్ నడిపింది కూడా ఆ టోబినే. అంటే పోలార్డ్ కో-కోచ్. హెడ్ కోచ్ అంటే అందరికంటే పైన ఉండేవాడు కదా, పైన ఇద్దరుంటే ఆ మాటకి అర్థమేంటి? పైగా ఆ ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్ అన్న పేరే లేదు. లీగ్ పేరు అమెరికన్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ అసోసియేషన్. పేరు మారింది 1922 జూన్‌లో.

ఇంకోటి. టీమ్‌కి ఆడటం నేర్పింది తనేనని చెప్పే మాటల్లో చాలా భాగం పోలార్డ్ ముసలితనంలో ఇచ్చిన ఇంటర్వ్యూల్లోవి. ఆయనంటే నాకు గౌరవమే. కానీ ఎవరి డప్పు వాళ్లు కొట్టుకున్నప్పుడు కాస్త తగ్గించి వినడం మంచిది.

గోదారి_గట్టు

అసలు ఎవరండీ ఈయన? సినిమా సగంలో వచ్చి కూర్చున్నట్టుంది నాకు. ముందు కథ చెప్పి తర్వాత కొట్టుకోండి.

పాత_పేపర్లు

గోదారి గారి కోసం ముందు కథ, ఆ తర్వాత మాస్టారి సంగతి.

1894లో షికాగోలో పుట్టాడు. అసలు పేరు ఫ్రెడరిక్ డగ్లస్ పోలార్డ్. బానిసత్వం మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ పేరే పెట్టారు. నాన్నది బార్బర్ పని, అమ్మ బట్టలు కుట్టేది. చుట్టుపక్కల ఉండే జర్మన్ కుటుంబాల నోట్లో నాని ఫ్రిట్జ్ అయ్యాడు. మనిషి చిన్నవాడు, ఐదడుగుల తొమ్మిదంగుళాలు, 75 కిలోలు. 1915లో బ్రౌన్ యూనివర్సిటీలో చేరాడు. 1916 జనవరి 1న రోజ్ బౌల్ అనే పేరున్న కాలేజీ మ్యాచ్‌లో దిగిన మొదటి నల్లజాతి ఆటగాడు. ఆ మ్యాచ్ బ్రౌన్ 14-0తో ఓడిపోయింది. కానీ ఆ ఏడాదే శరదృతువులో యేల్‌ని, హార్వర్డ్‌ని ఒకే సీజన్‌లో ఓడించారు. బ్రౌన్ అంతకుముందెప్పుడూ ఆ పని చేయలేదు. వాల్టర్ క్యాంప్ అనే ఫుట్‌బాల్ పెద్దాయన ఏటా దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్లతో కాగితం మీద వేసే ఆల్-అమెరికా జట్టులో బంతి పట్టుకుని పరిగెత్తే స్థానంలో చోటు దక్కిన మొదటి నల్లజాతి ఆటగాడూ ఈయనే.

1919లో ఆక్రన్ వచ్చాడు. టైర్ల ఫ్యాక్టరీల ఊరు అది, గుడ్‌యియర్, ఫైర్‌స్టోన్, గుడ్‌రిచ్ అన్నీ అక్కడివే. 1920లో కాంటన్‌లో ఒక కార్ల షోరూమ్‌లో కూర్చుని లీగ్ మొదలుపెట్టారు. తొలి సీజన్‌లోనే ఆక్రన్ ప్రోస్ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. 8 గెలుపులు, 3 డ్రాలు. సీజన్ మొత్తంలో ప్రత్యర్థులకి ఇచ్చిన పాయింట్లు 7. ఆ ఏడాది లీగ్‌లో నల్లజాతి ఆటగాళ్లు ఇద్దరే, పోలార్డ్, రాక్ ఐలాండ్‌లో ఆడిన బాబీ మార్షల్. పోలార్డ్ చెప్పిన ప్రకారం ఊళ్లో వాళ్ల తీరు వల్ల ఆయన టీమ్ ఓనర్ ఫ్రాంక్ నీడ్‌కి చెందిన సిగార్ ఫ్యాక్టరీలో బట్టలు మార్చుకునేవాడట. మ్యాచ్ టైముకి కారు పంపేవాళ్లట. చాంపియన్ టీమ్‌లో స్టార్, లాకర్ రూమ్‌లో మాత్రం చోటు లేదు.

ఇక మాస్టారూ, మీరు ఇవాళ్టి హెడ్ కోచ్‌ని మనసులో పెట్టుకుని 1921 గురించి మాట్లాడుతున్నారు. చెవులకి హెడ్‌సెట్, చేతిలో ప్లాస్టిక్ కవరేసిన షీటు, వెనకాల ఇరవై మంది అసిస్టెంట్లు, ఇవేవీ అప్పుడు లేవు. ఆ లీగ్ కాలేజీ రూల్స్‌తో ఆడేది. ఆ రూల్స్ ప్రకారం గీత అవతలి నుంచి ఆట నడపడమే తప్పు, పెనాల్టీ పడేది. ఏ ప్లే ఆడాలో నిర్ణయించేది మైదానంలో ఉన్న ఆటగాడే. అందుకే అప్పటి కోచ్‌లు చాలామంది ఆటగాళ్లు కూడా. డెకేటర్‌లో హలాస్, గ్రీన్ బేలో లాంబో, కాంటన్‌లో జిమ్ థోర్ప్. టోబిన్ కూడా ఆడేవాడు, పోలార్డ్ కూడా ఆడేవాడు. బంతి చేతిలో ఉన్నవాడు, ఎత్తుగడలు తెలిసినవాడు, ప్రాక్టీసులో చెప్పేవాడు, ఈ మూడూ ఒకడే అయితే వాణ్ణి కోచ్ అనక ఇంకేమంటారు?

కో-కోచ్ అన్నారు కాబట్టి ఒక ప్రశ్న. టోబిన్‌ని 1921 కోచ్ అనడానికి మీకు ఇబ్బంది ఉందా? లేదు కదా. ఇద్దరిలో ఒకరికే ఆ "కో" ఎందుకు అంటుకుంటోంది?

లెక్కల_మాస్టారు

చివరి ప్రశ్న తగిలింది, ఒప్పుకుంటా. కానీ మీ వాదనే మీకు అడ్డం తిరుగుతోంది చూడండి. అప్పట్లో కోచ్ అంటే ఇవాళ్టి అర్థం కాదన్నారు. మరి ఇవాళ్టి అర్థంలో "మొదటి హెడ్ కోచ్" అని బిరుదు ఎలా ఇస్తారు? అర్థం వేరన్నప్పుడు బిరుదు కూడా వేరే ఉండాలి.

నాయుడు_ఫ్యాన్

మన వైపు నుంచి ఒక ఉదాహరణ. 1932లో ఇంగ్లండ్ టూర్‌కి వెళ్లిన మన క్రికెట్ టీమ్‌కి కాగితం మీద కెప్టెన్ పోర్‌బందర్ మహారాజా. లార్డ్స్‌లో టెస్ట్ వచ్చేసరికి ఆయన తప్పుకుని కెప్టెన్సీ సి.కె.నాయుడికి ఇచ్చాడు. నాగ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబం వాళ్లది. మొదటి టెస్ట్ కెప్టెన్ ఎవరంటే నాయుడనే చెప్తాం, మహారాజా అని ఎవరూ అనరు. ఆట ఎవరు నడిపారన్నదే లెక్క.

లెక్కల_మాస్టారు

నాయుడు గారి ఉదాహరణ నాకే పనికొస్తుంది. టెస్ట్ రోజున స్కోరుబుక్కులో కెప్టెన్ అని ఉన్నది నాయుడే కదా. పుస్తకం, మైదానం ఒకటే మాట చెప్పాయి. 1936 తీసుకోండి. ఆ టూర్‌కి కెప్టెన్ మన విజయనగరం రాజకుమారుడు విజ్జీ. ఆట తెలిసినవాడు నాయుడే అని టీమ్‌లో అందరికీ తెలుసు. అయినా 1936 కెప్టెన్ ఎవరని పరీక్షలో అడిగితే విజ్జీ అని రాయాలి, కడుపు మండినా సరే.

నాయుడు_ఫ్యాన్

విజ్జీ పేరెత్తి పొద్దున్నే బీపీ పెంచారు. కానీ రికార్డే లెక్కంటారు కదా, మరి రికార్డులో పోలార్డ్ పేరుంది. హాల్ ఆఫ్ ఫేమే ఆయన్ని ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో మొదటి ఆఫ్రికన్ అమెరికన్ హెడ్ కోచ్ అని రాసింది. లీగ్ పేరు 1922లో మారిందంటారా, 2019లో ఎన్‌ఎఫ్‌ఎల్ వందో సీజన్ జరుపుకుంది. వంద అయ్యిందంటే 1920 నుంచి లెక్కపెట్టినట్టేగా, లెక్కల మాస్టారూ?

గోదారి_గట్టు

హహ్హ. మాస్టారు ఔట్.

డాలస్_పిన్ని

మొత్తం చదివాను. మీరంతా 1921 దగ్గరే తచ్చాడుతున్నారు. నాకు ఆసక్తిగా ఉన్నది 1921కీ 1989కీ మధ్య ఉన్న 68 ఏళ్లు. షెల్ వచ్చినప్పుడు పేపర్లు "ఆధునిక కాలంలో మొదటి" అని రాశాయి. ఆ "ఆధునిక" అన్న మాట ఎందుకు పెట్టాల్సి వచ్చింది? ముందు ఒకడున్నాడని తెలిసే కదా!

మధ్యలో ఏం జరిగిందో చూడండి. 1920 నుంచి 1933 వరకు లీగ్‌లో 13 మంది నల్లజాతి ఆటగాళ్లు ఆడారు. గాయకుడు, నటుడు పాల్ రాబ్సన్ కూడా వాళ్లలో ఒకడు. 1921లో ఆక్రన్‌లోనే పోలార్డ్ పక్కన ఆడాడు, అదీ కొలంబియాలో లా చదువుకుంటూ. 1933 సీజన్ అయ్యాక జో లిలార్డ్, రే కెంప్ వెళ్లిపోయారు. ఆ తర్వాత 1946లో లాస్ ఏంజెలిస్ రామ్స్ కెనీ వాషింగ్టన్‌ని, వుడీ స్ట్రోడ్‌ని తీసుకునేదాకా ఒక్కడు కూడా లేడు. రాతపూర్వకంగా నిషేధం ఎక్కడా లేదు. అందరూ కూడబలుక్కున్నట్టు ఎవరూ తీసుకోలేదంతే. షికాగో బేర్స్ టీమ్ ఓనర్ హలాస్ కూడా ఇందులో ఉన్నాడని పోలార్డ్ ఆరోపించాడు, అలాంటిదేమీ లేదని హలాస్ అన్నాడు. 1932లో లీగ్‌లోకి వచ్చిన వాషింగ్టన్ ఓనర్ జార్జ్ ప్రెస్టన్ మార్షల్ సంగతికి మాత్రం వాదన అక్కర్లేదు. ఆయన టీమ్‌లో నల్లజాతి ఆటగాడు దిగింది 1962లో, అదీ ప్రభుత్వం మెడ మీద కూర్చుంటే.

ఇంకో లెక్క మాస్టారి కోసం. హాల్ ఆఫ్ ఫేమ్ 1963లో తెరిచినప్పుడు మొదటి 17 మందిలోనే ఆ మార్షల్ ఉన్నాడు. పోలార్డ్‌ని తీసుకున్నది 2005లో. ఆయన 1986లో 92 ఏళ్ల వయసులో పోయాడు, అంటే పోయిన 19 ఏళ్లకి. కాలేజీ ఫుట్‌బాల్ వాళ్లు 1954లోనే తమ హాల్‌లో పెట్టుకున్నారు. పెట్టాల్సింది ప్రో వాళ్లు, ఏళ్లకేళ్లు మర్చిపోయిందీ వాళ్లే.

అందుకే ఇంటర్వ్యూల్లో ఆయన తన డప్పు తను కొట్టుకున్నాడన్న మాట నాకు నచ్చలేదు. ఇంకెవరూ కొట్టకపోతే ఏం చేస్తాడు?

పాత_పేపర్లు

పిన్ని గారికి నమస్కారం. ఒక్కటి కలుపుతాను. ప్రో ఫుట్‌బాల్ తలుపు మూసుకున్నా ఆయన ఖాళీగా లేడు. షికాగోలో బ్లాక్ హాక్స్ అని పూర్తిగా నల్లజాతి ఆటగాళ్ల టీమ్ పెట్టాడు, తర్వాత హార్లెమ్‌లో బ్రౌన్ బాంబర్స్‌కి కోచ్. పేపర్ నడిపాడు, పెట్టుబడుల కంపెనీ పెట్టి పోగొట్టుకున్నాడు. కొడుకు ఫ్రిట్జ్ జూనియర్ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 110 మీటర్ల హర్డిల్స్‌లో కాంస్యం గెలిచాడు. కోచ్‌గా అవకాశం వస్తే చేతకాక వదిలేశాడు అనడానికి వీల్లేదు.

లెక్కల_మాస్టారు

2019 దెబ్బకి లీగ్ పేరు వాదన వెనక్కి తీసుకుంటున్నా. డప్పు మాట కూడా. పిన్ని గారితో పెట్టుకోను.

"కో" మాత్రం వదలను. ఎందుకంటే దాన్ని తీసేస్తే టోబిన్ మాయమైపోతాడు, అది కూడా న్యాయం కాదు. 1921లో ఆక్రన్ 8 గెలిచి 3 ఓడి 1 డ్రా చేసింది, ఆ మంచీ చెడూ ఇద్దరిదీ. పిల్లాడి వాక్యంలో "టోబిన్‌తో కలిసి" అని పెట్టమనండి. ఆ తర్వాత "మొదటి నల్లజాతి హెడ్ కోచ్" అని రాస్తే నాకు అభ్యంతరం లేదు. షెల్ పేరు కూడా కింద రాయమనండి. 1989లో ఆయన ఎక్కిన మెట్టు చిన్నదేం కాదు.

నాయుడు_ఫ్యాన్

దీన్నే మా ఊళ్లో ఓడిపోయాక బేరం ఆడటం అంటారు.

లెక్కల_మాస్టారు

బేరం కుదిరింది కదా, మీకెందుకు!

కాంటన్_పక్కూరు

అందరికీ థాంక్స్. రాత్రి మావాడికి ఈ థ్రెడ్ అంతా చదివి వినిపించాను, వాడికి తెలుగు అర్థమవుతుంది, చదవడమే రాదు. "టోబిన్‌తో కలిసి" వెంటనే పెట్టాడు. షెల్ గురించి కింద రెండు లైన్లు రాశాడు, అవతలి పిల్లాణ్ణి అడిగి. 1963, 2005 పక్కపక్కన రాసి మధ్యలో పెద్ద ప్రశ్నార్థకం వేశాడు. అది పిన్ని గారి ఖాతాలో.

కానీ వాడికి అన్నిటికంటే నచ్చింది వేరే. పోలార్డ్ కింద పడగానే వెల్లకిలా తిరిగి, మేకుల బూట్లున్న కాళ్లు పైకి లేపేవాడట, మీద పడి తొక్కాలని వచ్చేవాళ్లు భయపడి ఆగిపోవాలని. అది క్లాసులో నేల మీద పడుకుని చేసి చూపిస్తానంటున్నాడు. వాళ్లమ్మ బూట్లు విప్పి చేస్తే సరేనంది.