మెంకీస్ ఉన్న ఇంట్లో రెండో కాన్పు: కాపర్ హిస్టిడినేట్ ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఎన్‌ఐసీయూ_పీజీ:
సీనియర్లకు నమస్కారం. మొదటి బాబు మెంకీస్ జబ్బుతో (శరీరానికి రాగి సరిగా అందని జన్యు జబ్బు) పోయాడు. ఏటీపీ7ఏ జన్యువులో మ్యుటేషన్ (మార్పు) దొరికింది, తల్లి క్యారియర్ (తనకు జబ్బు లేకుండా ఆ మార్పును మోసే మనిషి). ఇప్పుడు 32వ వారం, కడుపులో ఉండగా పరీక్ష చేయించలేదు. పుట్టగానే సీరం కాపర్ (రక్తంలో రాగి), సెరులోప్లాస్మిన్ (రక్తంలో రాగిని మోసే ప్రోటీన్) పంపి, తక్కువ వస్తే రాగి మందైన కాపర్ హిస్టిడినేట్ ఇంజక్షన్లు మొదలుపెట్టాలని ఆలోచన. ఈ పద్ధతి సరైనదేనా? డోసు, మందు తయారీ గురించి కూడా చెప్పండి.

పిల్లల_న్యూరో:
ఆ రెండు పరీక్షలు పట్టుకుని నిర్ణయించకండి. ఏ జబ్బూ లేని పసికందుకు కూడా మొదటి వారాల్లో రెండూ తక్కువే ఉంటాయి. మగబిడ్డకు జబ్బు వచ్చే అవకాశం సగానికి సగం. మ్యుటేషన్ తెలుసు కనుక బొడ్డుతాడు రక్తంలో ఆ ఒక్క మార్పు కోసమే చూడమనండి. ల్యాబ్‌తో కాన్పుకు ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

వీలుంటే ప్లాస్మా కేటకాలమైన్లు (డోపమైన్, నార్‌ఎపినెఫ్రిన్ లాంటి నాడీ రసాయనాలు) కూడా పంపండి. డోపమైన్‌ను నార్‌ఎపినెఫ్రిన్‌గా మార్చే ఎంజైముకు రాగి కావాలి. అది అందకపోతే డోపమైన్ పేరుకుని, నార్‌ఎపినెఫ్రిన్ తగ్గుతుంది. ఈ నిష్పత్తి పుట్టిన తొలిరోజుల్లోనే తేడా చూపిస్తుంది. శాంపిల్ ఐస్‌లో వెళ్లాలి, బల్ల మీద ఉంచేస్తే పనికిరాదు.

తొందర ఎందుకంటే, స్టీఫెన్ కేలర్ బృందం 2008లో ప్రచురించిన ఫలితాల్లో, నవజాత దశలోనే చికిత్స అందుకున్న 12 మందిలో 92 శాతం బతికారు. ఆలస్యంగా తెలిసిన 15 మంది పాత రోగుల్లో 13 శాతమే. అయితే ఆ 12 మందిలో ఎదుగుదల పూర్తిగా మామూలుగా ఉన్నది ఇద్దరికే. ప్రోటీన్ కొంతైనా పనిచేసే మ్యుటేషన్ అయితే ఆశ ఎక్కువ, జన్యువులో పెద్ద ముక్కే ఎగిరిపోతే తక్కువ. తల్లిదండ్రులకు ఇది దాచకుండా ముందే చెప్పాలి.

ఎన్‌ఐసీయూ_పీజీ:
చాలా ఉపయోగపడింది సర్. నోటి ద్వారా రాగి ఇస్తే సరిపోదా?

పిల్లల_న్యూరో:
సరిపోదు. పేగు కణం రాగిని లోపలికి తీసుకుంటుంది కానీ రక్తంలోకి వదలలేదు, అలా వదిలే పంపు ఏటీపీ7ఏ జన్యువు చేసే ప్రోటీనే. అందుకే చర్మం కింద ఇంజక్షన్.

ఫార్మసీ_డెస్క్:
వాడుకలో ఉన్న డోసు: ఏడాది నిండేవరకు 250 మైక్రోగ్రాములు రోజుకు రెండుసార్లు, ఆపైన మూడేళ్లదాకా రోజుకు ఒకసారి. ఇది రాగి బరువు, లవణం బరువు కాదు. తప్పులు ఇక్కడే జరుగుతాయి. కాపర్ క్లోరైడ్ డైహైడ్రేట్‌లో రాగి 37 శాతమే, అంటే మి.లీ.కి 500 మైక్రోగ్రాముల రాగి రావాలంటే లవణం 1.34 మి.గ్రా. పడాలి. సీసా మీద డైహైడ్రేటా, నీరు లేనిదా అన్నది చదివాకే తూకం వేయండి. ఒక రాగి అణువుకు కనీసం రెండు ఎల్-హిస్టిడిన్ (రాగిని పట్టి ఉంచే అమైనో ఆమ్లం) అణువులు ఉండాలి. వేడితో స్టెరిలైజ్ చేయకుండా 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, ఫ్రిజ్‌లో, వెలుతురు తగలకుండా ఉంచాలి. రంగు నీలం. మడ్డి కనిపిస్తే పారేయండి.

ఇంకో ప్రమాదం సిరంజి. ఈ గాఢతలో డోసు 0.5 మి.లీ. 40 యూనిట్ల ఇన్సులిన్ సిరంజిలో అది 20 గీత, 100 యూనిట్ల దానిలో 50 గీత. ఇంటికి పంపేటప్పుడు యూనిట్ల లెక్కే చెప్పకండి. 1 మి.లీ. ట్యూబర్‌క్యులిన్ సిరంజి ఇచ్చి, 0.5 దగ్గర గుర్తు పెట్టి చూపించండి. తల్లి చేత మీ ఎదుటే ఒకసారి తీయించండి.

లివర్_క్లినిక్:
ఒక్క హెచ్చరిక. సెరులోప్లాస్మిన్ తక్కువ అన్న రిపోర్టు చూసి ఎవరో విల్సన్ (ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు, అందులోనూ ఇది తక్కువే) అని రాసి, జింక్ మొదలుపెట్టే ప్రమాదం ఉంది. జింక్ పేగులో రాగిని అడ్డుకుంటుంది, పెన్సిలమైన్ ఉన్న రాగిని కూడా బయటికి తోడేస్తుంది. ఈ బిడ్డకు రెండూ విషమే. కేస్ షీటు మీద పెద్ద అక్షరాలతో రాయండి.

ఇంజక్షన్లు నడుస్తున్నప్పుడు సీరం కాపర్, సెరులోప్లాస్మిన్‌తో పాటు కిడ్నీని కూడా చూడాలి. అదనపు రాగి ట్యూబ్యూల్స్‌ను (కిడ్నీలోని సన్నని గొట్టాలు) దెబ్బతీస్తుంది, మూత్రంలో బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే చిన్న ప్రోటీన్, రక్తంలో బైకార్బొనేట్, ఫాస్ఫేట్ ఆ సంగతి చెబుతాయి. మూత్రాశయానికి అల్ట్రాసౌండ్ కూడా మరవకండి. ఈ జబ్బులో అక్కడ వచ్చే సంచుల్లాంటి ఉబ్బులు ఈ మందుతో తగ్గవు, మళ్లీమళ్లీ ఇన్ఫెక్షన్ తెస్తాయి.