రిగ్ పనుల సబ్‌కాంట్రాక్టులో ఇండెమ్నిటీ క్లాజు: సంతకం పెట్టవచ్చా?

ప్రశ్న (రాజోలు నుంచి): నమస్కారమండీ. గ్యాసు బావి తవ్వే చోటికి క్రేన్‌ను, వెల్డర్లను పంపే చిన్న సంస్థ మాది. తప్పు ఎవరిదైనా సరే, ఎవరి మనుషులకు, సామగ్రికి కలిగిన నష్టాన్ని వారే భరించాలని కొత్త ఒప్పందంలో ఉంది. ఆ కిందనే, చుట్టుపక్కల కొబ్బరి తోటలకు, చేపల చెరువులకు జరిగే నష్టమంతా మేమే కట్టాలని రాశారు. ఒప్పుకోవచ్చా?

సమాధానం: ఇండెమ్నిటీ అంటే అవతలివారికి కలిగే నష్టాన్ని భరిస్తామని ఇచ్చే హామీ. మొదటి క్లాజును చూసి బెదరనక్కర లేదండి. ఈ రంగంలో దీన్ని 'నాక్ ఫర్ నాక్' అంటారు. రిగ్ మీద నాలుగైదు కంపెనీల వాళ్లు కలిసి పనిచేస్తారు కనుక, తప్పెవరిదో కోర్టులో ఏళ్ల తరబడి తేల్చుకోవడం కంటే ఎవరి సొత్తుకు వారు ముందే బీమా చేసుకోవడం చవక. వారి మనిషి నిర్లక్ష్యంతో మీ క్రేన్ బూమ్ వంగినా మీ పాలసీయే దిక్కు. అందుకే అవతలివారి మీద వసూలు హక్కు వదులుకుంటున్నట్లు బీమా కంపెనీ చేత పాలసీలో రాయించండి. 'నిర్లక్ష్యం వల్ల జరిగినా' అన్న మాట క్లాజులో స్పష్టంగా ఉందో లేదో కూడా చూడండి. 1988లో 167 మందిని బలిగొన్న, ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక ప్రమాదం తరువాత, ఆ మాట లేనందువల్లే, బావిని నడిపే కంపెనీ అయిన ఆపరేటర్‌కు ఒక కాంట్రాక్టరు నుంచి సొమ్ము రాబట్టుకునే వీలు లేదని 1994లో ఇంగ్లండు అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది.

అసలు ప్రమాదం రెండో క్లాజులో ఉంది. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండిందన్నది మీ ప్రాంతంలో ఎవరూ మరిచిపోరు. అలాంటిది జరిగితే రైతులు ఆపరేటర్‌నే అడుగుతారు. ప్రమాదకర పరిశ్రమ నడిపేవారిదే సంపూర్ణ బాధ్యత అని సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది. కానీ మీ సంతకం ఉంటే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 124వ సెక్షన్ కింద ఇండెమ్నిటీ ఇచ్చినవారు మీరే కనుక, వారు కట్టిన సొమ్మంతా మీ నుంచి రాబట్టుకోవడానికి దారి ఏర్పడుతుంది. బ్లోఅవుట్ (బావి అదుపు తప్పి గ్యాసు ఎగదన్నడం), భూగర్భంలోని నష్టం, బావి నుంచి వచ్చే కాలుష్యం ఆపరేటర్‌వేనని రాయించండి. మీ నిర్లక్ష్యం వల్ల బయటివారికి జరిగిన నష్టం మాత్రమే మీదిగా ఉండాలి.

ప్రశ్న: వాళ్లు ఒక్క అక్షరం కూడా మార్చబోమంటే?

సమాధానం: మీ బీమా మొత్తానికి మించి బాధ్యత ఉండదని ఒక పరిమితి అయినా అడగండి. దానికీ ఒప్పుకోకపోతే, నెలల అద్దె కోసం ఇల్లూ వాకిలీ పందెం కాయడమే అవుతుంది. నేనైతే ఆ పని వదులుకుంటాను.