కాఫీ కొట్టుగా మారిన ట్రామును ‘మిగిలిన బండి’గా రాయొచ్చా?

పట్టాల_పిచ్చి (చిత్తూరు): పాత ట్రాములు, కరెంటు రైలు పెట్టెల్లో ఏవి మిగిలాయో నేను రాస్తున్న జాబితాలోంచి కోల్‌కతా ఎస్‌ప్లనేడ్‌లోని ‘స్మరణిక’ను తీసేశాను. 1938 నాటి బండి. 2014లో ఒక పెట్టెలో కాఫీ కొట్టు, ఇంకో పెట్టెలో మ్యూజియం పెట్టారు. కదలదు. అభ్యంతరాలుంటే చెప్పండి.

సెట్టిపల్లి_రిటైర్డ్ (తిరుపతి): ఉన్నాయి. ఢిల్లీ రైలు మ్యూజియంలో చాలా బళ్లు కదలవు. వాటినీ కొట్టేయండి మరి.

కొర్లగుంట_కుర్రోడు: కాఫీ బాగుంటుందా అన్నా?

పట్టాల_పిచ్చి: నా షరతు ఒక్కటే సార్. మోటార్లు ఆ బండి సొంతవై ఉండాలి. ఒక ఊళ్లో పాత ట్రాము భద్రంగా ఉందని ఎవరో రాస్తే నమ్మి, సెలవు పెట్టి, రాత్రంతా జనరల్లో నిలబడి పోయాను. తీరా చూస్తే రిసార్టు వెనక రేకు డబ్బా. చక్రాలు కూడా లేవు, లోపల విరిగిన కుర్చీలు.

సెట్టిపల్లి_రిటైర్డ్: మీ సెలవు దండగైందని అందరికీ రూలా? నేను క్యారేజీ రిపేరు షాపులో పనిచేసినవాణ్ని. పీఓహెచ్‌కి, అంటే గడువు ప్రకారం చేసే పెద్ద రిపేరుకి, వచ్చిన పెట్టెలో బాత్రూం కింద ట్రఫ్ ఫ్లోరును (అడుగు రేకును) సుత్తితో తడితే పొరలు పొరలుగా రాలేది. కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేసేవాళ్లం. ఒక పెట్టె చక్రాలు ఇంకో పెట్టె కిందికి పోయేవి. నంబరు మాత్రం అదే. శాన్‌ఫ్రాన్సిస్కోలో మా అబ్బాయితో ఎఫ్ లైన్ ట్రాము ఎక్కాను. ఫిలడెల్ఫియాలో తిరిగిన పాత బళ్లకు వేరే ఊళ్ల రంగులేసి నడుపుతున్నారు. అవి నకిలీవా?

పట్టాల_పిచ్చి: రంగు సంగతి ఎవరడిగారు? నేనడిగింది మోటారు.

పాకాల_జంక్షన్: ముంబయిలో ట్రాములు 1964లోనే ఆగిపోయాయి. అక్కడి సీఎస్ఎంటీ రైల్వే స్టేషను దగ్గర ఇప్పుడు పెట్టిన ట్రాము కోల్‌కతా నుంచి తెచ్చిందే. దాన్ని ఏ ఊరి లెక్కలో రాస్తారు?

సెట్టిపల్లి_రిటైర్డ్: ముందు దానికి మోటారుందో లేదో ఆయన చూసొచ్చాడా అడగండి.

పట్టాల_పిచ్చి: మీరు చూశారా?

సెట్టిపల్లి_రిటైర్డ్: తమ్ముడూ, నువ్వు గూగుల్లో చూసేవన్నీ నేను గ్రీజు చేతులతో ఎత్తి దించాను. మాట జాగ్రత్త.

పట్టాల_పిచ్చి: కోపం దేనికి సార్. నా బాధ వేరే. మద్రాసులో 1895లో మొదలైన ట్రాములు 1953లో పోయాయి. 2024 సెప్టెంబరులో కోల్‌కతాలోనూ మైదాన్–ఎస్‌ప్లనేడ్ దారి తప్ప మిగతావి ఆపేస్తామని అక్కడి ప్రభుత్వం చెప్పింది. నేను ఒక కాఫీ కొట్టును ‘భద్రం’ అని రాస్తే, మిగతా బళ్లను తుక్కుకు అమ్మేవాళ్లకు నేనే సాకు ఇచ్చినట్టు. ‘ఒకటి దాచాంగా’ అంటారు.

సెట్టిపల్లి_రిటైర్డ్: ఈ మాట మొదటే చెప్పొచ్చుగా! అయినా ఒప్పుకోను. జాబితాలో లేని బండి గురించి అడిగే దిక్కుండదు. రేపు ఆ కొట్టుకు నష్టం వస్తే ముందు తుక్కులోకి పోయేది అదే. నువ్వు కొట్టేసి వాళ్ల పని సులువు చేస్తున్నావు.

కొర్లగుంట_కుర్రోడు: నడిచేవి ఒక పక్క, నిలబడిపోయినవి ఇంకో పక్క రాయండన్నా. గొడవుండదు.

పట్టాల_పిచ్చి: రాస్తా. నిలబడిపోయినవాటి పక్కన మోటారుందో లేదో కూడా రాస్తా.

సెట్టిపల్లి_రిటైర్డ్: మళ్లీ మోటారేనా!