అప్‌డేట్: మా పిల్లల వృత్తి శిక్షణకు గ్రాంటు

మా ప్రత్యేక పాఠశాలలో చదువు ముగిసిన పిల్లలకు పేపర్ కవర్ల తయారీ నేర్పడానికి కేంద్ర గ్రాంటు దొరుకుతుందా అని అడిగాను కదా. చాలామంది దీన్‌దయాళ్ దివ్యాంగుల పునరావాస పథకం పేరు చెప్పారు. అది మా పాఠశాలకు పనికొస్తుంది. నైపుణ్య శిక్షణకు మాత్రం దివ్యాంగుల కోసం 2015లో మొదలైన జాతీయ కార్యాచరణ ప్రణాళిక వేరే ఉంది: 15 నుంచి 59 ఏళ్ల వయసు, కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. డబ్బు విడతలుగా వస్తుంది, శిక్షణ పొందినవాళ్లకు ఉద్యోగాలు చూపించాలి. నా టెన్షన్ అక్కడే. మావాడొకడు గోటితో మడత నొక్కి, అంచు గీతకు సరిగ్గా కలిసిందో లేదో చూసుకుని గానీ జిగురు పెట్టడు. అంత శ్రద్ధగా పనిచేసేవాడికి నెమ్మది అని ఉద్యోగం ఇవ్వకపోతే ఎలా? ముందు యూడీఐడీ కార్డులు (దివ్యాంగుల గుర్తింపు కార్డులు) లేనివాళ్లకు దరఖాస్తు చేయిస్తున్నాం. స్థానిక ప్రింటింగ్ ప్రెస్సుల వాళ్లతోనూ మాట్లాడుతున్నాం.