గర్భస్థ శిశువు గుండె చుట్టూ నీరు: ఉమ్మనీటి పరీక్ష అవసరమా?

నా భార్యకు 22వ వారంలో చేసిన స్కానింగులో బిడ్డ గుండె చుట్టూ సుమారు 3 మిల్లీమీటర్ల మేర నీరు కనిపించింది. 2 మిల్లీమీటర్ల లోపైతే సాధారణంగా సహజమేనని, అంతకు మించితే గుండె నిర్మాణ లోపాలు, లయ తప్పడం, రక్తహీనత, పార్వోవైరస్ వంటి ఇన్ఫెక్షన్లు, క్రోమోజోమ్ లోపాలు ఉన్నాయేమో చూడాలని డాక్టరు గారు చెప్పారు. ఫీటల్ ఎకోలో (గర్భంలోని బిడ్డ గుండెకు ప్రత్యేకంగా చేసే స్కానింగు) గుండె బాగానే ఉంది. బిడ్డ పొట్టలో గానీ, ఊపిరితిత్తుల చుట్టూ గానీ నీరు లేదు, మాకున్న ధైర్యం అదే. వేరే లోపమేదీ లేకుండా కొద్దిపాటి నీరు మాత్రమే ఉంటే చాలావరకు దానంతటదే తగ్గిపోతుందంటూనే, ఉమ్మనీటి పరీక్ష (సూదితో కొద్దిగా ఉమ్మనీరు తీసి క్రోమోజోమ్ లోపాల కోసం చూసే ఆమ్నియోసెంటెసిస్) విషయం మమ్మల్నే నిర్ణయించుకోమన్నారు. ఆ పరీక్ష వల్ల గర్భస్రావం ముప్పు స్వల్పమే అయినా ఉంది కదా! ఇటువంటి పరిస్థితి ఎదుర్కొన్నవారు ఆ పరీక్ష చేయించుకున్నారా, నీరు ఎన్నో వారానికి తగ్గింది, పుట్టాక బిడ్డకు మళ్ళీ ఎకో అవసరమైందా అన్నది దయచేసి తెలియజేయగలరు.