తక్‌పట్టీ ప్రోగ్రామ్ అమ్ముకుంటున్నాను, ఓపెన్ సోర్స్ వారికి నేనేమైనా బాకీయా?

ప్రశ్న (గుంటూరు)
మిర్చి యార్డులోని కమీషన్ కొట్ల కోసం తక్‌పట్టీలు (సరుకు అమ్మకం లెక్క రాసి రైతుకు ఇచ్చే చీటీలు) తీసే ప్రోగ్రామ్ ఒకటి తయారుచేసి, సోర్సు (ప్రోగ్రామ్ అసలు కోడ్) ఇవ్వకుండా, ఇప్పటికి పదకొండు కొట్లకు అమ్మాను. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, కాటా తూకం, హమాలీ, కమీషన్ కోతలు అన్నీ నేను రాసినవే. డేటాబేస్ మాత్రం పోస్ట్‌గ్రెస్, పీడీఎఫ్ తీసేది ఐటెక్స్ట్ 5. రెండూ ఓపెన్ సోర్స్‌వి, అంటే రాసినవారు కోడ్‌ను అందరికీ తెరిచి ఇచ్చినవి. రెండింటికీ పైసా కట్టలేదు. చట్టం మాట అటుంచి, పదిమంది కష్టానికి తాళం వేసి అమ్ముకోవడం న్యాయమేనా అని మా తమ్ముడు అడిగితే జవాబు చెప్పలేకపోయాను.

సమాధానం (విజయవాడ)
చట్టాన్ని అటుంచకండి, మీ చిక్కు అక్కడే ఉంది. పోస్ట్‌గ్రెస్ లైసెన్సు కాపీరైటు నోటీసు ఉంచమంటుందే తప్ప మీ కోడ్ చూపమనదు. అది రాసినవారు తెలిసి ఇచ్చిన అనుమతి కాబట్టి అక్కడ మోసమేమీ లేదు. ఐటెక్స్ట్ సంగతి వేరు. 2009లో వచ్చిన 5వ వెర్షన్ నుంచి అది ఏజీపీఎల్ అనే లైసెన్సు కింద ఉంది. దాన్ని కలిపి చేసిన ప్రోగ్రామును కొట్టువారికి ఇచ్చారంటే, మొత్తం సోర్సు పొందే హక్కు కూడా వారికి ఇచ్చినట్టే. ఇవ్వడం ఇష్టం లేకపోతే వాణిజ్య లైసెన్సు కొనుక్కోవాలి. మీరు రెండూ చేయలేదు.

సమాధానం (తెనాలి)
పై మాట సరైనదే కాని, లైసెన్సు ఒప్పుకున్నంత మాత్రాన బాకీ తీరిందని నేను అనుకోను. 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు, వెబ్‌సైట్ల సమాచారాన్ని రహస్యంగా పంపడానికి సగం ఇంటర్నెట్ ఆధారపడిన ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ మీద పూర్తికాలం పనిచేస్తున్నది ఒక్కరేనని లోకానికి తెలిసింది. దాన్ని ఉచితంగా వాడుకోవడానికి కంపెనీలకు లైసెన్సు అడ్డు చెప్పలేదు. ఇంతకీ, ఐటెక్స్ట్ 5 తెలుగు వత్తులను సరిగా వేయదు కదా, మీరు ఎలా నెట్టుకొచ్చారు?

ప్రశ్న అడిగినవారు
చ వత్తు కిందికి దిగక, మిర్చి కాస్తా 'మిర్‌చి' అని విడిపోయి అచ్చయ్యేది. అది చూసి రైతులు నవ్వేవారు. అక్షరాలను, వత్తులను సరిగా అమర్చే హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌తో అక్షరాలు కూర్చి, మూడు రాత్రులు కూర్చుని సరిచేశాను.

సమాధానం (తెనాలి)
ఆ మూడు రాత్రుల పనిని బయటపెట్టండి. కమీషన్ లెక్కలు మీవి, దాచుకోండి. తెలుగు వత్తును దాచుకుని మీరు సంపాదించేదేమిటి?

ప్రశ్న అడిగినవారు
అది పెడతాను. వేసవి సెలవులకు యార్డు మూసినప్పుడు ఐటెక్స్ట్ తీసేసి, నా సోర్సు ఇవ్వమని అడగని అపాచీ లైసెన్సు ఉన్న పీడీఎఫ్‌బాక్స్‌కు మారదామనుకుంటున్నాను.

సమాధానం (విజయవాడ)
మారండి. అయితే ఆ పదకొండు కొట్లవారికి ఇప్పటికే ఇచ్చిన కాపీల సంగతి దానితో తీరదు. పాత వెర్షన్ సోర్సు వారికి ఇవ్వండి, లేదా ఆ కాపీలకు లైసెన్సు సొమ్ము కట్టండి.